ట్యాంకర్ డీజిల్ దించేటప్పుడు: లైసెన్సు నుంచి డైక్ వాల్వు దాకా

ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు క్వారీలు, క్రషర్లు, నాపరాయి ఫ్యాక్టరీలు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సొంతంగా డీజిల్ ట్యాంకు పెట్టుకున్నాం. పొల్యూషన్ బోర్డు వాళ్లొస్తే ఏం చూస్తారు?"

బోర్డు వాళ్లు ఎప్పుడో ఒకసారి వస్తారు. ట్యాంకర్ మాత్రం వారం వారం వస్తుంది. నిల్వ ట్యాంకు కదలకుండా ఉన్నంతసేపు దానివల్ల పెద్దగా గొడవ ఉండదు. హోస్ తగిలించిన ఆ ముప్పావు గంటలోనే నూనె నేల మీదికి వస్తుంది. అందుకే ఇక్కడ కాగితాల గురించి కొంత, దించే పద్ధతి గురించి ఎక్కువ రాస్తున్నాను. నేల మీద ఉండే 10 నుంచి 50 కిలోలీటర్ల డీజిల్ ట్యాంకులను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. పెట్రోల్ ఉన్నవాళ్లకు ఒక చిన్న భాగం చివర్లో ఉంది.

1. మీ నూనె ఏ క్లాసు, మీ దగ్గర ఎంత ఉంది?

పెట్రోలియం నిబంధనలు నూనెను ఫ్లాష్ పాయింట్ బట్టి విడదీస్తాయి. అంటే ఎంత వేడికి దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకుంటుందో ఆ లెక్క.

- క్లాస్ ఎ: 23 డిగ్రీల సెల్సియస్ లోపు. పెట్రోల్, ఇథనాల్ ఇందులోకి వస్తాయి.
- క్లాస్ బి: 23 నుంచి 65 డిగ్రీల లోపు. డీజిల్, కిరోసిన్.
- క్లాస్ సి: 65 నుంచి 93 డిగ్రీల లోపు. ఫర్నేస్ ఆయిల్.

డీజిల్ మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లకు మించకుండా ఉంటే పెట్రోలియం చట్టం కింద లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండు షరతులూ కలిసి ఉండాలి. చాలామంది మొదటిది చదివి రెండోది వదిలేస్తారు. 2,000 లీటర్ల ట్యాంకు ఒక్కటే పెట్టుకుని "2,500 లోపేగా సార్" అంటారు. పాత్ర 1,000 దాటింది కాబట్టి లైసెన్సు కావాలి. క్లాస్ సికి ఈ మినహాయింపు 45,000 లీటర్ల దాకా ఉంది. అయితే నిల్వ నిబంధనల ప్రకారం ఉండాలి.

లైసెన్సు అక్కర్లేదంటే కాలుష్య చట్టాలు కూడా వర్తించవని అనుకోకండి. నాలుగు డ్రమ్ముల డీజిల్ బావిలోకి పోయినా నీటి చట్టం చట్టమే.

2. కాగితాలు: ఏది ముందు, ఏది వెనక

ట్యాంకు కొనేసి, కాంక్రీటు పోసేసి, ఆ తర్వాత అనుమతికి తిరిగేవాళ్లే ఎక్కువ. అప్పుడు దూరాలు సరిపోక ట్యాంకును మళ్లీ లేపాల్సి వస్తుంది. వరుస ఇలా పెట్టుకోండి.

1. సైట్ ప్లాన్, లేఅవుట్ గీయించండి. చుట్టుపక్కల ఇళ్లు, బోర్లు, కాలువలు, కరెంటు తీగలు అన్నీ అందులో కనిపించాలి.
2. ఆ డ్రాయింగులకు పెసో ఆమోదం తీసుకోండి. పేలుడు పదార్థాల శాఖ అని పాతవాళ్లు పిలిచేది దీన్నే. ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది.
3. కలెక్టరు కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ.
4. కాలుష్య నియంత్రణ మండలి నుంచి నిర్మాణానికి ముందు సీఎఫ్ఈ (స్థాపనకు అనుమతి). మీ క్వారీకో ఫ్యాక్టరీకో ఇప్పటికే ఉంటే, అందులో డీజిల్ నిల్వ పరిమాణం రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే చేర్పించుకోండి.
5. కట్టడం పూర్తయ్యాక భద్రతా సర్టిఫికెట్లు, పెసో లైసెన్సు, ఆపైన మండలి నుంచి సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి).
6. నూనె వ్యర్థాలు వస్తాయి కాబట్టి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016 కింద ఫారం 1తో ఆథరైజేషన్. దీన్ని సీఎఫ్ఓతో కలిపి తీసుకుంటే ఒక తిరుగుడు తగ్గుతుంది.

జిల్లా విషయంలో ఒక జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక బేతంచెర్ల, కొలిమిగుండ్ల నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. పాత ఎన్‌ఓసీ మీద కర్నూలు కలెక్టరు ముద్ర ఉంటుంది. మార్పుల కోసం ఇప్పుడు దరఖాస్తు పెడితే కొత్త జిల్లాకే పెట్టాలి. దానికి పాత ఎన్‌ఓసీ నకలు జత చేయండి.

సీఎఫ్ఓ వచ్చాక అందరూ చేసే పని ఫ్రేము కట్టించి గోడకు తగిలించడం. నేను చెప్పేది, వెనక పేజీల్లోని షరతులను ఒక్కొక్కటిగా తెలుగులో రాసుకుని సూపర్‌వైజర్‌కు ఇవ్వమని. తనిఖీకి వచ్చినవాళ్లు పట్టుకునేది ఆ షరతులనే.

3. ట్యాంకు కింద ఏ రాయి ఉంది?

ఈ మాట ఏ ఫారంలోనూ పెద్దగా కనిపించదు. మన దగ్గర మాత్రం దీన్ని ముందే చూసుకోవాలి.

ఎర్రగుంట్ల నుంచి కొలిమిగుండ్ల దాకా కింద ఉన్నది సున్నపురాయి. నాపరాయి పొరల మధ్య నెర్రెలు, నీళ్లు తొలిచిన సందులు ఉంటాయి. బెలుం గుహలు ఏర్పడింది ఇలాంటి రాతిలోనే. ఈ నేల మీద ఒలికిన డీజిల్‌ను మన్ను వడకట్టదు, సందు దొరికితే నేరుగా కిందికి జారుతుంది. ఏ బోరులో తేలుతుందో ఎవరూ చెప్పలేరు. అనంతపురం వైపు గ్రానైటు, నైసు రాయి. అక్కడ కూడా నీళ్లుండేది పగుళ్లలోనే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఒక బోరు నూనె వాసన పట్టిందంటే అది కడుక్కుపోవడానికి ఏళ్లు పడుతుంది. నంద్యాల వైపు నల్లరేగడిలో సంగతి వేరు. ఎండాకాలం నేల బీటలు వారుతుంది, వానాకాలం ఉబ్బుతుంది, ట్యాంకు చుట్టూ కట్టే డైక్ గోడ పునాది పగులుతుంది.

అందుకని స్థలం చూసేటప్పుడు:

- దగ్గర్లోని బోర్లు, బావులు ఎంత దూరమో కొలిచి రాసుకోండి. మీ సొంత బోరుతో సహా.
- వాన నీళ్లు ఎటు పారతాయో ఒక వానలో నిలబడి చూడండి. వంకలోకా, కేసీ కెనాల్‌లోకా, పక్కవాళ్ల చేనులోకా?
- పాత క్వారీ గుంత అంచున ట్యాంకు పెట్టకండి. గుంతలో నిలిచే నీళ్లు, కింది నీళ్లు ఒకటే.
- ట్యాంకు వేయకముందే సొంత బోరు నీళ్లను ఒకసారి పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. రేపు పక్క రైతు వచ్చి అడిగితే చూపడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

4. డైక్ గోడ లెక్క

డైక్ అంటే ట్యాంకు చుట్టూ కట్టే గోడ. ట్యాంకు పగిలినా నూనె ఆ గోడ దాటకూడదు. లోపలున్న వాటిలో అతిపెద్ద ట్యాంకు మొత్తం ఖాళీ అయినా అందులోనే నిలవాలి, పైన ఇంకా కొంత ఖాళీ మిగలాలి. డిపోల్లో గోడ ఎత్తు 1 మీటరుకు తగ్గకుండా, 2 మీటర్లు దాటకుండా కడతారు, పైన 200 మిల్లీమీటర్లు ఖాళీ వదులుతారు. అదే కొలత మీరూ పెట్టుకోండి.

కాగితం మీద సరిపోయే లెక్క నేల మీద ఎలా తప్పుతుందో చూడండి. 20 కిలోలీటర్ల నిలువు ట్యాంకులు రెండు, ఒక్కోటి 2.5 మీటర్ల వెడల్పు అనుకుందాం. డైక్ లోపలి కొలత 6 మీటర్లు, 5 మీటర్లు. గోడ 1 మీటరు.

- పైపై లెక్క: 6 × 5 × 1 = 30 ఘనపు మీటర్లు, అంటే 30 కిలోలీటర్లు. "పది ఎక్కువే ఉంది సార్" అంటారు.
- పైన 200 మిల్లీమీటర్లు వదిలితే పనికొచ్చే ఎత్తు 0.8 మీటరే.
- పగలని రెండో ట్యాంకు ఆక్రమించే చోటు సుమారు 4.9 చదరపు మీటర్లు. దాన్ని తీసేయాలి.
- మిగిలేది: (30 – 4.9) చదరపు మీటర్లు × 0.8 మీటరు = సుమారు 20 కిలోలీటర్లు.

అంటే ట్యాంకుకు సరిగ్గా సరి. ట్యాంకు దిమ్మెలను ఇంకా తీసేయలేదు. అప్పటికే 100 మిల్లీమీటర్ల వాన నీళ్లు నిలిచి ఉంటే 30 చదరపు మీటర్లకు 3,000 లీటర్లు. నూనెకు చోటు చాలదు. ఈ గోడను ఇంకో పావు మీటరు లేపితే టెన్షన్ లేదు. ఇటుకల ఖర్చు ఎంత, తర్వాత పడే ఖర్చు ఎంత?

కట్టేటప్పుడు చూడాల్సినవి:

- నేల కాంక్రీటు, పగుళ్లు లేకుండా. మొరం పరిచి వదిలేస్తే సున్నపురాతి నేలలో డైక్ ఉన్నా లేనట్టే.
- గోడలోంచి పైపు వెళ్లే చోట చుట్టూ సందు పూడ్చాలి. నేను చూసిన డైకుల్లో ఎక్కువ భాగం కారేది ఇక్కడే.
- నేల వాలు ఒక మూల సంప్ (నీళ్లు, నూనె చేరే గుంత) వైపు.
- డ్రెయిన్ వాల్వు గోడ బయట ఉండాలి, ఎప్పుడూ మూసి, తాళం వేసి ఉండాలి.

5. ట్యాంకర్ నిలబడే చోటు

ట్యాంకుకు డైక్ కడతారు, ట్యాంకర్ మాత్రం మట్టిలో నిలబడుతుంది. ఒలికేది ఎక్కువగా ఈ మట్టిలోనే.

ట్యాంకర్ పొడవుకు సరిపోయే కాంక్రీటు పడక పోయించండి. చుట్టూ లారీ చక్రం ఎక్కి దిగగలిగే చిన్న గట్టు, ఒక వైపు జాలీ కాలువ, అది సంప్‌లోకి. సంప్ ఎంత ఉండాలి? అమెరికా నూనె నిల్వ నిబంధనల్లో దీనికి సూటి లెక్క ఉంది: వచ్చే ట్యాంకర్లలో అతిపెద్ద గది (కంపార్ట్‌మెంటు) ఒకటి మొత్తం ఒలికినా పట్టాలి. ఆ చట్టం మనకు వర్తించదు, కానీ ఆ లెక్క ఇక్కడా పనికొస్తుంది. మీకు వచ్చే ట్యాంకర్‌లో ఒక్కో గది 4 లేదా 5 కిలోలీటర్లుంటే గట్టు లోపలి పడక, సంప్ కలిపి అంత పట్టాలి.

డబ్బు లేదు, ఇప్పుడే కుదరదు అంటే కనీసం హోస్ తగిలించే చోట 2 మీటర్ల మేర కాంక్రీటు, కింద పెట్టడానికి ఒక ఇనుప ట్రే. దీంతో రోజూ కారే చుక్కలైనా ఆగుతాయి.

6. ట్యాంకర్ వచ్చిన రోజు

ఇక్కడ తొందర పడకండి. డ్రైవర్‌కు తొందర ఉంటుంది. రాత్రికల్లా తిరిగి డిపోకు చేరాలి, రేపటి లోడు వరుసలో ఉండాలి. ఒకసారి ముద్దనూరు రోడ్డు మీద ఒక సైట్‌లో ఎర్తింగ్ క్లిప్ పెట్టమన్నందుకు డ్రైవర్ నవ్వాడు. "పదేండ్ల సంది ఇట్లే దించుతాండా సార్, ఏం గాదు." ఏం కాలేదు కూడా. పదేళ్లలో ఒక్కసారి అయినా చాలన్నది మన బాధ.

*ట్యాంకర్ గేటు దాటకముందే*

1. నిల్వ ట్యాంకును డిప్ కొట్టి (కొలత రాడ్ ముంచి) ఎంత ఖాళీ ఉందో రాయండి. 20 కిలోలీటర్ల ట్యాంకులో నేను 95 శాతం, అంటే 19 దాకానే లెక్కేస్తాను. లోపల 8.5 ఉంటే ఖాళీ 10.5. ట్యాంకర్ 12 తెస్తుంటే ఇప్పుడు దించకూడదు. "ఎట్లాగూ దించే లోపు మెషీన్లు కొంత వాడేస్తాయిలే" అన్న లెక్క ఒద్దు.
2. ఎండాకాలం ఇంకో లెక్క. డీజిల్ ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 0.08 శాతం పెరుగుతుంది. 20 కిలోలీటర్లు పది డిగ్రీలు వేడెక్కితే 160 లీటర్లు. కడప మే నెల ఎండలో నేల మీది ట్యాంకుకు ఇది రోజూ జరిగేదే. నిండుగా నింపితే మధ్యాహ్నానికి వెంట్ పైపులోంచి (గాలి పోయే గొట్టం) కారుతుంది.
3. డైక్ డ్రెయిన్ వాల్వు, పడక సంప్ వాల్వు రెండూ మూసి ఉన్నాయని చేత్తో తిప్పి చూడండి.
4. సంప్‌లో నీళ్లుంటే ముందే తోడేయండి.

*ట్యాంకర్ నిలబడ్డాక*

5. ముందుకు, బయటికి వెళ్లే దారి వైపు మొహం పెట్టి నిలపండి. ఇంజను ఆపాలి, బ్యాటరీ మాస్టర్ స్విచ్ తీసేయాలి, హ్యాండ్ బ్రేకు, చక్రాలకు అడ్డుచెక్కలు.
6. తాళం చెవి మీ సూపర్‌వైజర్ చేతికి రావాలి. హోస్ తగిలి ఉండగానే బండి కదలడం అన్నిచోట్లా జరిగే ప్రమాదం. చెవి మీ దగ్గరుంటే అది జరగదు.
7. ఎర్తింగ్ క్లిప్. స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ కాకుండా దాన్ని నేలలోకి పంపేది ఇదే. హోస్ తగిలించకముందే పెట్టాలి, హోస్ తీసిన తర్వాతే తీయాలి. పెయింటు మీద కాదు, గీకిన ఇనుము మీద లేదా దానికోసం ఉన్న బోల్టు మీద.
8. సీళ్లు, ఇన్వాయిస్, డెన్సిటీ చూడండి. ఏ గది నూనె ఏ ట్యాంకులోకో నోటితో చెప్పించుకోండి. పెట్రోల్, డీజిల్ కలిపి తెచ్చిన బండి అయితే రెండుసార్లు.
9. రెండు అగ్నిమాపక సిలిండర్లు, ఇసుక బకెట్లు గాలి వచ్చే వైపు పెట్టండి. సెల్‌ఫోన్లు దూరంగా.

పెట్రోలియం నిబంధనలు సూర్యాస్తమయం తర్వాత లోడింగ్, అన్‌లోడింగ్‌ను తగిన లైట్లు, మంటలార్పే ఏర్పాటు, మనుషులు సిద్ధంగా ఉంటే తప్ప ఒప్పుకోవు. టార్చి పట్టుకుని దించితే అది తగిన లైటు కాదు. బండి ఆలస్యమైతే పొద్దున దాకా ఆపండి.

*దించేటప్పుడు*

10. హోస్ కప్లింగ్ చెవులు రెండూ పూర్తిగా పడ్డాయా, లోపల వాషర్ ఉందా చూడండి. వాషర్ అరిగితే గుడ్డ చుట్టేవాళ్లున్నారు. పది రూపాయల వాషర్ డబ్బాలో ఎప్పుడూ నాలుగు పెట్టుకోండి.
11. కప్లింగ్ కింద ట్రే.
12. ముందు నిల్వ ట్యాంకు వాల్వు, తర్వాత ట్యాంకర్ వాల్వు కొద్దిగా తెరవండి. రెండు నిమిషాలు చూసి చుక్క కారకపోతే పూర్తిగా. మొదట నెమ్మదిగా వదలడానికి ఇంకో కారణం ఉంది: లోపలి పైపు నూనెలో మునిగేదాకా ప్రవాహం సెకనుకు 1 మీటరు దాటితే స్టాటిక్ కరెంటు పుడుతుంది.
13. ఒక గది అయ్యాక ఇంకో గది. అన్నీ ఒకేసారి తెరవద్దు.
14. ఒకరు ట్యాంకర్ వాల్వు దగ్గర, ఒకరు నిల్వ ట్యాంకు లెవెల్ దగ్గర. డ్రైవర్ టీకి వెళ్తే వాల్వు మూసి వెళ్లాలి.

*అయ్యాక*

15. ట్యాంకర్ వాల్వు మూయండి, హోస్ ఎత్తి లోపల మిగిలింది ట్యాంకులోకి దింపండి, తర్వాత నిల్వ ట్యాంకు వాల్వు. హోస్‌లో మిగిలిన నూనెను నేల మీదికి వదలడం మన దగ్గర పెద్ద అలవాటు.
16. ట్యాంకర్ కింది వాల్వులు, మూతలు అన్నీ మూసి ఉన్నాయని వంగి చూడండి. ఆ తర్వాతే ఎర్తింగ్ క్లిప్, అడ్డుచెక్కలు, తాళం చెవి.
17. నూనె కాసేపు కుదురుకున్నాక మళ్లీ డిప్. నైలాన్ తాడు కట్టిన ఇనుప డబ్బాతో శాంపిల్ తీయకండి, స్టాటిక్‌కు అది మంచి జత.
18. రిజిస్టరులో తేదీ, బండి నంబరు, ముందు డిప్, తర్వాత డిప్, ఒలికిందా లేదా, సంతకం.

7. మీ ట్యాంకు నుంచి బౌజర్‌కు ఎక్కించేటప్పుడు

క్వారీల్లో రెండో సగం ఇదే. డీజిల్ మోసుకుని ఎక్స్‌కవేటర్ల దగ్గరికి వెళ్లే బండిని, అంటే బౌజర్‌ను, నింపడానికీ పై వరుసే వర్తిస్తుంది. తేడాలు మాత్రం చెబుతాను.

పైనుంచి నింపితే పైపు బౌజర్ అడుగు దాకా దిగాలి. పైనుంచి జలపాతంలా పడితే ఆవిరీ ఎక్కువ, స్టాటిక్కూ ఎక్కువ. మీటరులో ఎన్ని లీటర్లో ముందే పెట్టండి. గన్ ట్రిగ్గర్‌కు రాయో కట్టెపుల్లో ఇరికించి పక్కకు పోయే అలవాటుంటే ఆ రోజే మాన్పించండి.

నిన్న పెట్రోల్ మోసిన బండిలో ఇవాళ డీజిల్ నింపడం ఇంకా ప్రమాదం. మిగిలిన పెట్రోల్ ఆవిరి కొత్త డీజిల్‌లోకి ఇంకిపోయేకొద్దీ లోపలి గాలి సరిగ్గా మండే పాళ్లకు వస్తుంది. అద్దె బౌజర్ తెచ్చుకుంటే దాని వెనకటి లోడు ఏమిటో అడగండి.

8. వాన నీళ్లు, సెపరేటర్

నేను చూసిన నష్టాల్లో నాకు బాగా గుర్తున్నది ట్యాంకు పగిలినది కాదు. అక్టోబరు వానలకు డైక్‌లో నీళ్లు నిలిచాయి. వాచ్‌మన్ డ్రెయిన్ వాల్వు తెరిచి పోయాడు, మూయడం మరిచాడు. నాలుగు రోజుల తర్వాత రాత్రి ఒక ఫ్లాంజ్ (పైపుల జాయింటు) కారింది. డైక్ ఉంది, గోడ గట్టిగా ఉంది, వాల్వు తెరిచే ఉంది. పొద్దునకు పక్క వంకలో ఇంద్రధనుస్సు రంగులు. ఆ సైట్‌లో పని చూసుకునేది నేనే, వాల్వుకు తాళం పెట్టించనిది కూడా నేనే.

అప్పటి నుంచి పెట్టుకున్న పద్ధతి:

1. వాన వెలిశాక డైక్ నీటి పైభాగాన్ని పగటి వెలుగులో చూడాలి.
2. రంగుల పొర లేకపోతే బయటికి వదలొచ్చు. ఉంటే సెపరేటర్‌లోకే.
3. తెరిచిన మనిషి మూసేదాకా అక్కడే ఉండాలి.
4. తెరిచిన సమయం, మూసిన సమయం, చూసిందేమిటి, సంతకం. తాళం చెవి సూపర్‌వైజర్ దగ్గరే.

సెపరేటర్ అంటే మూడు గదుల తొట్టి. నూనె పైకి తేలుతుంది, నీళ్లు కిందినుంచి వంపు పైపు గుండా తర్వాతి గదికి పోతాయి. బయటికి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. మీ సీఎఫ్ఓలో ఇంతకన్నా గట్టి షరతు ఉంటే అదే లెక్క.

సెపరేటర్ పనిచేయడం లేదని పిలిచిన చోట్ల నేను ముందు అడిగేది, "నేల దేంతో కడుగుతున్నారు?" అని. సర్ఫ్ నీళ్లతో కడిగితే నూనె చిన్న చిన్న బిందువులుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, పైకి తేలదు, మూడు గదులూ దాటి బయటికి పోతుంది. నేలను రంపపు పొట్టుతో తుడిపించండి. సబ్బు ఒద్దు. తేలిన నూనెను వారానికోసారి తీయించండి, అడుగున పేరిన బురదను వానాకాలానికి ముందు.

9. ఒలికితే

మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

- వాల్వులు మూయి. పంపు ఆపు.
- చుట్టుపక్కల ఇంజన్లు, వెల్డింగు ఆపు. ట్యాంకర్ స్టార్ట్ చేయవద్దు.
- కాలువ, జాలీ మూతి ఇసుక బస్తాలతో కట్టు.
- నూనె చుట్టూ ఇసుకతో గట్టు వేయి, అంచు నుంచి మధ్యకు.
- నీళ్లు కొట్టవద్దు.
- మంట ఉంటే 101, గాయమైతే 108.

నీళ్లు కొట్టొద్దన్న మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదు. ఒలికింది చూడగానే చేతికి ముందు తగిలేది నీళ్ల పైపే. నీళ్లు కొడితే యాభై లీటర్ల మరక ఐదు వందల గజాల మరకవుతుంది.

మట్టిలో ఇంకితే నూనె వాసన పోయేదాకా తవ్వి తీయండి. తీసిన మట్టిని టార్పాలిన్ మీద పోసి, పైన ఇంకోటి కప్పండి. రోడ్డు గుంత పూడ్చడానికి వాడొద్దు.

నూనె మీ గట్టు దాటి వంకలోకో, చేనులోకో, బోరులోకో వెళ్తే ఆ రోజే మండలి ప్రాంతీయ కార్యాలయానికి చెప్పండి. ముందు ఫోను, తర్వాత రాతలో. మంటో పేలుడో జరిగి ప్రాణనష్టం, తీవ్రగాయం, ఆస్తి నష్టం అయితే పెట్రోలియం చట్టం ప్రకారం దగ్గరి పోలీస్ స్టేషన్‌కు, పెసోకు వెంటనే తెలపాలి. పక్క రైతుకు కూడా మీరే ముందు చెప్పండి. వాళ్లే వాసన పట్టి వస్తే ఆ మాటల తీరు వేరుగా ఉంటుంది.

10. నూనె వ్యర్థాలు

ట్యాంకు అడుగు బురద, నూనె ఫిల్టర్లు, తడిసిన గుడ్డలు, ఒలికిన మట్టి, ఖాళీ నూనె డ్రమ్ములు: ఇవన్నీ 2016 నిబంధనల కింద ప్రమాదకర వ్యర్థాలే. పాత ఇనుము కొనేవాడికి అమ్మితే రసీదు ఉండదు, బాధ్యత మాత్రం మీ మీదే ఉంటుంది.

- కప్పు ఉన్న షెడ్డు, కాంక్రీటు నేల, డ్రమ్ము మీద పేరు, తేదీ.
- 90 రోజులకు మించి ఉంచకూడదు.
- ఎంత వచ్చింది, ఎంత పంపారు: ఫారం 3.
- పంపేటప్పుడు మానిఫెస్టు (వ్యర్థంతో పాటు వెళ్లే పత్రం): ఫారం 10. అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి, రీసైక్లర్‌కు, లేదా వ్యర్థాలు కాల్చడానికి అనుమతి ఉన్న సిమెంటు కిల్నుకు మాత్రమే. సిమెంటు ఫ్యాక్టరీలు మన చుట్టూ ఉన్నా, ఊరికే తీసుకెళ్లి ఇస్తే కుదరదు. వాళ్ల అనుమతిలో మీ రకం వ్యర్థం ఉండాలి.
- ఏటా జూన్ 30 లోపు ఫారం 4 వార్షిక నివేదిక. ఏమీ పంపకపోయినా సున్నా అని రాసి ఇవ్వాలి.

11. పెట్రోల్ కూడా ఉంటే

పెట్రోల్‌తో వచ్చే గొడవ ఆవిరి. ట్యాంకులోకి పెట్రోల్ దిగుతుంటే అంతే పరిమాణంలో ఆవిరి బయటికి తోసుకొస్తుంది. ఆవిరి తిరిగి ట్యాంకర్‌లోకి వెళ్లడానికి రెండో హోస్ ఉంటుంది. అది ఉంటే తప్పకుండా తగిలించండి. బంకు పెట్టేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరి మార్గదర్శకాలు చదువుకోవాలి. లక్ష జనాభా దాటిన ఊళ్లలో నెలకు 300 కిలోలీటర్ల పెట్రోల్ అమ్మకం అంచనా ఉన్న కొత్త బంకుకు ఆవిరి పట్టే వ్యవస్థ ఉండాలి. కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఆ జనాభా దాటినవే.

12. నేను మళ్లీ మళ్లీ చూసే తప్పులు

*లెవెల్ గేజీ పనిచేయక నెలలైంది.* డిప్ రాడ్ ఉంది కదా అంటారు. దించేటప్పుడు మూత తెరిచి డిప్ కొట్టడం కుదరదు. గేజీ బాగయ్యేదాకా ట్యాంకు సగం దాటి నింపకండి.

*డైక్ లోపల ఖాళీ డ్రమ్ములు, పాత టైర్లు.* డైక్ గోదాము కాదు. పైన చేసిన లెక్కలో వాటికి చోటు లేదు, పైగా మంటకు మేత.

*ఎర్తింగ్ తీగ ఉంది, గుంత ఎండిపోయింది.* ఎండాకాలం మన నేలలో తడి ఉండదు. ఎర్త్ గుంతలో నీళ్లు పోయించండి, ఏడాదికోసారి కొలిపించి రిపోర్టు ఫైలులో పెట్టండి. వానాకాలంలో కొలిస్తే మంచి అంకె వస్తుంది. మీరు మే నెలలో కొలిపించండి.

*రిజిస్టరు మొత్తం ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసినట్టుంటుంది.* తనిఖీ అధికారికి ఇది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఖాళీ గడులున్నా ఏ రోజుది ఆ రోజు రాసిన రిజిస్టరే నయం.

*నేర్చుకున్న మనిషి ఒక్కడే.* అతను పెళ్లికి పోయిన రోజే బండి వస్తుంది. కనీసం ముగ్గురికి నేర్పించి, ఆరు నెలలకోసారి ఉత్తుత్తి ఒలుకు పెట్టి చూడండి. ఒక బకెట్ నీళ్లు పడక మీద పోసి "డీజిల్ ఒలికింది" అనండి. ఎవరు వాల్వు దగ్గరికి పరిగెత్తారో, ఎవరు నీళ్ల పైపు దగ్గరికి పోయారో అప్పుడే తెలుస్తుంది.